కాలువ పొడుగైన సంగతి

ఆరోయో బ్లాంకో,
మార్చి 24, 1968, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. మీ ఊళ్ళో ఉక్కు కొలిమి పొగకి ఆరేసిన దుప్పట్లు నల్లబడుతున్నాయని రాశావు. ఇక్కడ దుప్పట్లు తెల్లగానే ఉన్నాయి, నల్లబడినవి మా మొహాలు. మొన్న బుధ, గురువారాలు కాలువ పూడిక తీశాం. ఉపవాసాల రోజులు గనక మాంసం లేదు. ఎండుమిరప పులుసులో గుడ్డు అట్లు, చిక్కుడు గింజలు. వాటితోనే ముప్పై మంది రెండు రోజులు పార పట్టారు. పొరుగూరి వాళ్ళు యంత్రం తెప్పించుకున్నారట. మా కాలువ పెట్టెలో ఉన్న డబ్బుకి యంత్రం కాదు కదా, దాన్ని నడిపేవాడి టోపీ కూడా రాదు.

పని ఎలా సాగుతుందో నీకు తెలియనిది కాదు, అయినా చెప్పకపోతే నాకు తోచదు. మనుషులు వరసగా కాలువలో నిలబడతారు. నేను నాన్న కొలకర్రతో మనిషికి మూడు కర్రల పొడుగు కొలిచి, మడమతో గీత గీస్తాను. అది వాడి వంతు. అందరి వంతులూ అయ్యాక, "వరస దాటింది!" అని అరుస్తాను. అందరూ కిందికి జరుగుతారు. అలా పన్నెండు వరసలు. పన్నెండో వరసతో కాలువ అయిపోతుంది. నాన్న లెక్క అది, తాత లెక్క అది.

ఇప్పుడు చెప్పబోయేది విని నవ్వకు. మన కాలువ పొడుగైంది.

నాకు మోకాలి నొప్పి కదా, పన్నెండో వరస అయ్యాక రేగు పొదల మలుపు దగ్గరే ఆగిపోయి ఇంటికొచ్చేసేవాణ్ణి. అక్కడితో అయిపోయిందనే అనుకునేవాణ్ణి. ఈసారి పని పడి ఆ మలుపు దాటి వెళ్ళాను. కాలువ ఇంకా ఉంది! ఉండడమే కాదు, చర్చి నేలలా శుభ్రంగా ఉంది. అలా నడుచుకుంటూ పోతే ఎక్కడో దూరాన వాగు ఒడ్డున మన చప్పట రాయి కనిపించింది. నువ్వు అన్నం గంప దించే రాయి. చిన్నప్పుడు పన్నెండో వరస ఆ రాయి దగ్గరే అయ్యేదని నాకు గుర్తు. లేదా నా గుర్తే చెదలు పట్టిందా?

ఈ విషయం కాలువ సంఘం అధ్యక్షుడు ప్రెసిలియానోకి చెప్పాను. "భూమి సాగుతుంది డెల్ఫీనో, పత్రికలో చదివాను," అన్నాడు. అతను పత్రిక చదివేది మంగలి దుకాణంలో, అదీ సగం జుట్టు కత్తిరించేదాకా. అందుకే అతనికి తెలిసినవన్నీ సగం సగం.

అక్కడి చివరి పొలం సంగతి చూసి రావడానికి వెళ్ళాను, అది లిబ్రాడాది. మెలితోన్ పెళ్ళాం. మెలితోన్ పోయి మూడేళ్ళయింది. మూడేళ్ళుగా ఆ ఇంటి నుంచి పూడిక తీతకి మనిషి రాలేదు. నియమం నీకు తెలుసు: మూడేళ్ళు మనిషిని పంపకపోతే నీటి హక్కు పోతుంది. మే మొదటి ఆదివారం సమావేశంలో ఆమె పేరు కొట్టెయ్యాలని ప్రెసిలియానో అంటున్నాడు. నాకు మనసొప్పలేదు. కానీ తన పొలం పక్క కాలువని అద్దంలా చేయించుకుని, ఊరుమ్మడి పనికి మాత్రం ఒక్క మనిషిని పంపనిదాన్ని ఏమనాలి? ఎవడికో కూలిచ్చి చేయించుకుంటోంది. ఆ కూలివాణ్ణే ఇటు పంపొచ్చుగా?

నాన్న తర్వాత ఇరవై రెండేళ్ళుగా కాలువ పెద్దగా ఉన్నాను. జీతం ఒక్క ఏడాదైనా ఇంటికి తీసుకెళ్ళలేదు, తూము పలకలకే వదిలేశాను. ఎవరు పనికి వచ్చారో రాసే పుస్తకంలో ఎవరి పేరూ అన్యాయంగా రాయలేదు. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది.

నీ తమ్ముడు
డెల్ఫీనో

తా.క. మన గోధుమ రంగు కంచరగాడిద చచ్చిపోయింది. దాని కథ తర్వాత రాస్తాను, పెద్దది.


ప్యూబ్లో,
ఏప్రిల్ 3, 1968

ఒరేయ్ డెల్ఫీనో,

కాలువలు పొడుగవవురా. మనుషులే పొట్టవుతారు. డెబ్భై ఎనిమిదేళ్ళకి నేను రెండంగుళాలు తగ్గానని డాక్టరు చెప్పాడు. గౌనులన్నీ నేలని ఊడుస్తున్నాయి.

నీ గుర్తుకి చెదలేమీ లేదు. పన్నెండో వరస చప్పట రాయి దగ్గరే అయ్యేది. నేను గంప దించేసరికి నాన్న ఆ రాయి మీద చివరివాణ్ణి కూర్చోబెట్టి మొదటి రొట్టె వాడికే పెట్టేవాడు. ఆ రొట్టె కోసం కొట్టుకునేవాళ్ళు.

కంచరగాడిద కథ అక్కర్లేదు. ఉన్నప్పుడు అది నన్ను రెండుసార్లు తన్నింది. నాకు కావలసింది వేరే. నువ్వు దేంతో కొలుస్తున్నావు? నాన్న కర్రేనా?

ఎందుకడుగుతున్నానంటే, ఆ కర్రకి ఒక జత ఉంది, నా దగ్గర. నేను పెళ్ళై ఇటు వచ్చేటప్పుడు నాన్న ఒకే ఓక్ మాను నుంచి రెండు కర్రలు ఒకే కొలతకి చెక్కాడు. "కొత్త చోట దేన్నైనా కొలవడానికి మన ఇంటి కొలత ఒకటి నీ దగ్గరుండాలి," అన్నాడు. నేను దాంతో ఏం కొలిచాను? అరవై ఏళ్ళుగా వంటింటి కిటికీకి పరదా వేలాడదీశాను. నీ ఉత్తరం చదివాక కుర్చీ ఎక్కి దాన్ని దించి టేపుతో కొలిచాను. సరిగ్గా ఏడడుగులు.

నీది కొలువు. కొలిచేదాకా లిబ్రాడా జోలికి పోకు. ఆమె నా పెళ్ళిలో పూలు పట్టుకున్న పిల్ల.

మీ అక్క
హెనొవేవా


ఆరోయో బ్లాంకో,
ఏప్రిల్ 11, 1968

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేదు. రాస్తే ఏమేం రాస్తానో అని.

నాన్న కర్ర మీద అనుమానమా? లేక నా మీదా? ఇరవై రెండేళ్ళలో ఈ ఊళ్ళో ఒక్కడు కూడా "డెల్ఫీనో, నీ కొలత తప్పు" అనలేదు. అనవలసినవాళ్ళు ముప్పై మంది ఉన్నారు, నోళ్ళు మామూలువి కావు. నువ్వు నూట యాభై మైళ్ళ అవతల కుర్చీ ఎక్కి అన్నావు. అయినా కొలకర్రని దేంతో కొలుస్తారమ్మా? టేపుతోనా? మరి టేపుని ఎవరు కొలిచారు? మన ఊరికి కొలతంటే ఆ కర్రే. నీ పరదా కర్ర వంటింటి ఆవిరికి ఉబ్బి పొడుగై ఉంటుంది. కర్రలు ఉబ్బుతాయి. నేను చదివాను. విత్తనాల కేటలాగు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణే గానీ, కలప గురించి నాకూ కొంత తెలుసు.

లిబ్రాడా దగ్గరికి వెళ్ళాను. నువ్వు వద్దన్నావు, కానీ నోటీసు ఇవ్వడం నా పని. ఇంకొకడి చేత పంపితే పిరికితనం. జరిగింది జరిగినట్టు రాస్తాను, నువ్వే తీర్పు చెప్పు.

ఆమె వాకిట్లో మిరప విత్తనాలు ఏరుతోంది. నా చేతిలో కాగితం చూసింది.

"రా మరిదీ, కూర్చో. కాఫీ తాగి మాట్లాడు. కాగితం ఎక్కడికీ పారిపోదు."

"వదినా, మూడేళ్ళుగా మీ ఇంటి నుంచి పనికి మనిషి రాలేదు."

"ఎందుకు రావాలి? మా వంతు ఏటా తీస్తూనే ఉన్నాగా."

"ఎవరు తీశారు?"

చేతులు రెండూ చాపి చూపించింది. "ఇవి."

"వేళాకోళం వద్దు వదినా. నా పుస్తకంలో మీ పేరుకి ఎదురుగా సున్నాలున్నాయి."

"పుస్తకంలో సున్నాలుంటే పుస్తకం కళ్ళు కడుగు. మలుపు దగ్గర్నుంచి చప్పట రాయి దాకా మనదీ అని మెలితోన్ చెప్పి పోయాడు. పోయేముందు ఆయన నాతో మూడు మాటలన్నాడు. ఒకటి నల్ల మేక గురించి. ఒకటి నీకు చెప్పేది కాదు. మూడోది ఇది." అని మళ్ళీ విత్తనాలు ఏరుకుంటూ, "ఏం, నా వంతు బాగోలేదా? ఎక్కడైనా గడ్డి మిగిలిందా?" అంది.

అరవై తొమ్మిదేళ్ళ మనిషి అంత పొడుగు కాలువ తనే తవ్విందంటే ఎవరు నమ్ముతారు? పైగా కాలువలో ఎవరికీ సొంత ముక్క ఉండదు. అందరూ అందరిదీ తీస్తారు. ఈ మెలితోన్ ఎక్కడి నుంచి తెచ్చాడు "మనది" అనే మాట? నోటీసు బల్ల మీద పెట్టి వచ్చేశాను. కాఫీ తాగలేదు. తాగి ఉండవలసింది, వాసన బాగుంది.

డెల్ఫీనో


ప్యూబ్లో,
ఏప్రిల్ 19, 1968

డెల్ఫీనో,

కోపం వచ్చినా పూర్తిగా రాశావు, అందుకు సంతోషం. నీకు చిన్నప్పుడు కోపం వస్తే కోళ్ళ గూట్లో కూర్చునేవాడివి. ఉత్తరం రాయడం మెరుగు.

నీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదురా మొద్దూ. కర్రకి నిజాయితీ ఉండదు, అది కర్ర.

టేపు నీకు నచ్చదు గనక టేపు మాట వదిలెయ్. ఈ కవరులో ఒక పురికొస పెట్టాను. రెండు కొసలా ముడులున్నాయి. ముడి నుంచి ముడికి నా కర్రంత. దీన్ని సాగదీయకు, తడపకు, నీ కుక్కకి ఇవ్వకు. నాన్న కర్రని నాన్న కర్రతోనే కొలుస్తున్నావనుకో. అందులో నామోషీ ఏముంది?

ఇంకొక్క మాట. నా కర్ర కొసకి ఇనప పొన్ను ఉంది, తుప్పు పట్టింది గానీ ఉంది. నాన్న రెంటికీ వేయించాడు, రాళ్ళ మీద పొడిస్తే కొస చీలిపోతుందని. నీ కర్ర పొన్ను ఏమైంది?

మలుపు నుంచి చప్పట రాయి దాకా అంగలేసి ఎంతుందో చూడు. లిబ్రాడా అబద్ధమాడే మనిషి కాదు. పెళ్ళి రోజున నా పూలచెండు ఎండిపోయిందని అందరి ముందూ చెప్పింది, గుర్తుందా?

హెనొవేవా


ఆరోయో బ్లాంకో,
మే 6, 1968, సోమవారం

అక్కా,

పురికొసని మూడు రోజులు బల్ల మీదే ఉంచాను. అటు తిరిగి అన్నం తిన్నాను, ఇటు తిరిగి తిన్నాను. నాలుగో రోజు పొద్దున కర్రని నేల మీద పడుకోబెట్టి, పురికొసని దాని పక్కన పరిచాను. ఒక ముడి కర్ర తలకి ఆనించాను. రెండో ముడి కర్ర కొస దాటి నేల మీద పడింది. అయిదంగుళాలు.

పొన్ను గురించి అడిగావు. నాన్న పోయిన ఏడాదే అది ఊడి ఎక్కడో బురదలో పడింది. కమ్మరి కొత్తదానికి ముప్పావు డాలరు అడిగాడు. ఆ ఏడు వరదకి తూము కొట్టుకుపోయింది, పెట్టె ఖాళీ. ఊరి డబ్బు ఎందుకు తగలెయ్యాలని ఊరుకున్నాను. ఆ తర్వాత ఏటా మార్చిలో కర్ర కొస చీలేది. చీలిన కర్ర పట్టుకుని నలుగురిలోకి వెళ్ళడం బాగుండదని కత్తితో చక్కగా చెక్కి, నున్నగా గీకి, నూనె రాసేవాణ్ణి. ఏటా ఒక గోరంత. మెచ్చుకునేవాళ్ళు కూడా, డెల్ఫీనో కర్ర ఎప్పుడూ కొత్తదానిలా ఉంటుందని.

అయిదంగుళాలు. మనిషికి మూడు కర్రలంటే పదిహేను అంగుళాలు. ముప్పై మందికి, పన్నెండు వరసలకి కలిపి చూస్తే నాలుగు వందల యాభై అడుగులు. లెక్క రెండుసార్లు చేశాను, మూడోసారి చేసే ధైర్యం చాలలేదు. మలుపుకి వెళ్ళి అంగలేశాను. చప్పట రాయి దగ్గర ఆగేసరికి నూట ఎనభై. అడుగుల్లో చూస్తే అదే నాలుగు వందల యాభై. అప్పుడు ఆ రాయి మీద కూర్చున్నాను, అక్కా. మొదటి రొట్టె పెట్టేవాళ్ళు ఎవరూ లేరు.

మెలితోన్‌కి తెలుసు. కర్ర సంగతి కాదు, మేం ఏటా ఇంకొన్ని అంగలు ముందే ఆగిపోతున్నామని. చివరి పొలం వాడు గనక తెలిసింది. వచ్చి నన్ను అడగొచ్చు. అడగలేదు, మేం వెళ్ళిపోయాక వెనక ఉండిపోయి మిగిలింది తీసి ఇంటికెళ్ళేవాడు. మొదట్లో గంట సేపటి పని. ఇరవై ఏళ్ళకి అది నాలుగైదు రోజుల పని అయింది, పెళ్ళానికి ఇచ్చి పోయాడు. ఆమె అది ఊరు తనకి కేటాయించిన వంతే అనుకుంది. ఆడమనిషి గనక మగవాళ్ళ వరసలో నిలబడే ఇబ్బంది లేకుండా మర్యాదగా విడిగా ఇచ్చామనుకుంది! ఒక మనిషికి ఏటా పన్నెండు వంతులైతే, ఆమె ఇరవై ఒకటి తీసింది. నేను సున్నా వేశాను.

శనివారం ప్రెసిలియానో దగ్గరికి వెళ్ళి చెప్పాను. పురికొసని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"మా అక్కకి తెలుసు."

"ఆమె ప్యూబ్లోలో ఉందిలే. ఇలా చేద్దాం. లిబ్రాడా నోటీసు తీసేద్దాం, ముసలిదని జాలిపడ్డాం అందాం. కర్ర నువ్వు మార్చెయ్. నీకూ మాట రాదు, ఆమెకీ నీళ్ళు పోవు."

"జాలా?"

"అంతకంటే మంచి మాట ఉంటే నువ్వే చెప్పు."

దాచడం ఎందుకు, ఇంటికొచ్చేదాకా ఆ మాట బాగానే ఉందనిపించింది. ఇరవై రెండేళ్ళ పేరు అక్కా. మనుషులు నా వెనక నవ్వుకుంటారేమో అని కాదు, ఎదురుగానే నవ్వుతారు, మన ఊరు నీకు తెలుసు. కానీ లిబ్రాడా జాలి మీద నీళ్ళు తాగాలా? ఆమెకి జాలి చూపించే హక్కు మాకెక్కడిది?

నిన్న బడి గదిలో సమావేశం. పిల్లల బల్లల్లో మోకాళ్ళు ఇరికించుకుని అందరూ కూర్చున్నారు. కర్ర ఒక చేత్తో, పురికొస ఒక చేత్తో పట్టుకుని లేచాను. చెప్పాను. పొన్ను నుంచి చప్పట రాయి దాకా అంతా. ఎవరూ నవ్వలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. తర్వాత వెనక బల్ల నుంచి టెలెస్ఫోర్ అన్నాడు: "అందుకేనా, పోయినేడు కూడా నేను అలసిపోలేదు! వయసు తగ్గుతోందనుకున్నాను." అప్పుడు పేలింది గది. టెలెస్ఫోర్ ఇంటికి ఈ ఏడు ఒక గొర్రెపిల్లని పంపాలనుంది.

లిబ్రాడా నవ్వలేదు. లేచి నిలబడింది.

"అంటే ఇన్నాళ్ళూ అది నా వంతు కాదా?"

"కాదు వదినా. అది మా అందరిదీ."

"మెలితోన్‌దీ కాదా?"

"కాదు."

"ఆ మనిషికి నడుం నొప్పి ఉండేది. నేను ఆవనూనె రాసేదాన్ని," అంది. అంతే అంది. నేను పుస్తకం తెరిచి, ఆమె పేరుకి ఎదురుగా ఉన్న సున్నాలు కొట్టేసి, అందరి ముందూ ఇరవై ఒకటి, ఇరవై ఒకటి, ఇరవై ఒకటి అని రాశాను. నా పెద్దరికం ఎవరికైనా ఇచ్చెయ్యండి అన్నాను. ప్రెసిలియానో తల దించుకున్నాడు. ఎవరూ తీసుకోలేదు. జీతం లేని పనికి ఎవరు ముందుకొస్తారు!

లిబ్రాడాయే అంది: "పెద్దరికం ఆయన దగ్గరే ఉండనీ. కర్ర మాత్రం ఆయన దగ్గర వద్దు. చెక్కకుండా ఉండలేడు. కర్ర పొట్టిదైతే ముందు ఎండేది చివరి పొలం. కర్ర మా ఇంట్లో ఉంటుంది."

ముప్పై చేతులు లేచాయి. నాదీ లేచింది.

ఇప్పుడు అడగడానికి సిగ్గుగా ఉంది. నీ పరదా కర్ర పంపుతావా?

నీ తమ్ముడు
డెల్ఫీనో


ప్యూబ్లో,
మే 10, 1968

తమ్ముడూ,

పరదాకి ఇప్పుడు తాడు కట్టాను. బావుంది, కాస్త వేలాడుతోంది.

కర్ర సోమవారం బస్సులో వస్తుంది. డ్రైవరు ఏడడుగుల కర్రని సామాను అరలో పట్టదన్నాడు. టిక్కెట్టు కొంటాను, మనిషిలా కూర్చోబెట్టు అన్నాను. నా గౌను, నా వయసు చూసి ఊరికే తీసుకెళ్తానన్నాడు. పొన్ను తుప్పు ఉప్పుతో రుద్ది పోగొట్టాను. చెక్కకు.

వచ్చే బుధవారం మన రైతుల స్వామి సంత్ ఇసిద్రో పండగ కదా. స్వామిని పొలాల మీదుగా ఊరేగించేటప్పుడు ఈసారి చప్పట రాయి దాకా తీసుకెళ్ళు. మలుపు దగ్గరే వెనక్కి తిప్పుతున్నారేమో, మీ అలవాటు చూస్తే నాకు అనుమానంగా ఉంది.

అక్క


ఆరోయో బ్లాంకో,
మార్చి 23, 1969, ఆదివారం

అక్కా,

నీ అనుమానం నిజమే. స్వామిని కూడా ఇన్నాళ్ళూ మలుపు దగ్గరే తిప్పేస్తున్నాం. పోయినేడు రాయి దాకా వెళ్ళాడు. ఆయన ఏమీ అనలేదు.

ఈ ఏడు పూడిక తీత అయింది. మొదటి వరసలోనే గోల మొదలైంది. "వంతు పెరిగిందేమిటి పెద్దాయనా? ముసలివాళ్ళని చంపుతావా?" అన్నాడు టెలెస్ఫోర్. పదిహేను అంగుళాలు ఎంతో వాడి నడుముకి ఇప్పుడు తెలిసింది. "వయసు తగ్గుతోందన్నావుగా," అన్నాను.

కర్ర కోసం బుధవారం పొద్దున లిబ్రాడా ఇంటికి వెళ్ళాను. తలుపు తట్టి, టోపీ తీసి, అడగాలి. సమావేశంలో అలాగే రాసుకున్నాం. ఆమె ఈసారి ముందు కాఫీ ఇచ్చింది, తాగాను. తర్వాత గోడ మేకు నుంచి కర్ర దించింది. నీ పురికొస కూడా ఆ మేకుకే ఉంది. బల్ల మీద కర్ర పెట్టి, పురికొస పరిచి, ఒక ముడి తల దగ్గర బొటనవేలితో నొక్కి పట్టుకుని, రెండో కొసకి వంగి చూసింది. నేను కుర్చీలో కూర్చుని ఊపిరి బిగబట్టాను, ఆ కర్ర ముట్టుకోని వాణ్ణి! అదేమిటో చూడు.

"సరిపోయింది. తీసుకెళ్ళు. రేపు సాయంత్రానికి తెచ్చివ్వు."

పన్నెండో వరస గురువారం నాలుగు గంటలకి చప్పట రాయి దగ్గర అయింది. చివరి వంతు నేనే తీసుకున్నాను. మోకాలు ఊరుకోలేదు, అయినా తీశాను. ఆమె రాయి మీద కూర్చుని చూస్తోంది, ఒళ్ళో గంప. పని అయిందని పైకెక్కబోతుంటే, కర్ర అందుకుని పొన్నుతో కాలువ అడుగున ఒకచోట పొడిచింది.

"మరిదీ, ఇక్కడ ఇంకో రెండు పారలుంది."

ఉంది. తీశాను. అప్పుడు గంప మీద గుడ్డ తీసి మొదటి రొట్టె ఇచ్చింది.

డెల్ఫీనో

తా.క. మలుపు నుంచి రాయి దాకా ఉన్న ముక్కని ఊళ్ళో అందరూ ఇప్పుడు మెలితోన్‌ది అంటున్నారు. కాలువలో ఎవరికీ సొంత ముక్క ఉండదు. అయినా నేను దిద్దడం లేదు.